కుందేలు బంతి వెనక పరుగెత్తదు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు, ఆఫీసు కాల్‌లో సరిగ్గా నా వంతు వచ్చేసరికి ఇంట్లో నెట్ పోయింది. రూటర్‌లో ఎర్ర లైటు. టేబుల్ కిందికి వంగి చూస్తే గోడ వారగా పోయే సన్నటి వైరు రెండు ముక్కలై ఉంది. లాగి తెంపినట్టు లేదు, కత్తెర పెట్టి కత్తిరించినంత నున్నగా ఉంది. రెండడుగుల దూరంలో మా బొరుగు కూర్చుని, ముందు కాళ్ళు రెండూ ఎత్తి తీరుబడిగా మొహం కడుక్కుంటోంది.

బొరుగు మా కుందేలు. వచ్చిన కొత్తలో తెల్లగా, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియనంత తేలిగ్గా ఉండేదని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. మాది హిందూపురం. మరమరాలు అంటే మా ఇంట్లో ఎవరికీ నోరూరదు, బొరుగులు అనాల్సిందే. ఇప్పుడది రెండు కిలోల పైమాటే. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

వైరు బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు తెగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి "ఎలుకా సార్?" అన్నాడు. కుందేలంటే నవ్వాడు. అతన్ని అనడానికి లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా జంతుశాస్త్రం కుందేళ్ళను ఎలుకలూ ఉడతల జట్టులోనే లెక్కేసేది. పై వరసలో ముందు పళ్ళ వెనకాల ఇంకో జత బుల్లి పళ్ళు దాక్కుని ఉంటాయి, ఎలుకలకు అవి ఉండవు. ఇలాంటి తేడాలన్నీ చూసి 1912లో వాటిని వేరే వర్గంగా విడదీశారు. బెంగళూరులో ఎలహంక న్యూటౌన్ రెండో అంతస్తులో నెట్ బాగుచేసేవాడికి ఆ సంగతి చేరకపోతే వింతేముంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. వచ్చిన కోపానికి దాన్ని బోనులో పెట్టి గడియ వేశాను. రెండు రోజులు. ఆ రెండు రాత్రులూ తెల్లవారుజామున నాలుగున్నరకు బోను ఊచలను పళ్ళతో పట్టుకుని గడగడలాడించింది. మూడోరోజు నిద్రలేని కళ్ళతో ఫోన్ తీసి కుందేలు ఆటవస్తువులని వెతికి, పద్నాలుగు వందలు తగలేశాను.

ఏమేం వచ్చాయో చెబితే నా తెలివి మీకే తెలుస్తుంది. లోపల గంట ఉన్న ఎర్ర ప్లాస్టిక్ బంతి. చివర ఈకలు కట్టిన కర్ర. క్యారెట్ ఆకారంలో చెక్కి రంగు పూసిన కొయ్య ముక్క. బంతిని బొరుగు ముందు పెట్టాను. వాసన చూసింది, గడ్డంతో ఒకసారి రాసి వెళ్ళిపోయింది. కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. అలా రాయడమంటే "ఇది నాది" అని ముద్ర వేయడం. నాదేగానీ నాకక్కర్లేదు అన్నమాట. సరే, ఆడటం తెలియలేదేమోనని నేనే బంతి దొర్లించాను. గంట గలగలమంటూ తన వైపు వస్తున్న ఆ వస్తువును చూసి బొరుగు వెనక కాలితో నేలను ధన్‌మని తన్ని సోఫా కిందికి దూరింది. ఈకల కర్ర ఊపిన రోజున అయితే గంటసేపు బయటికి రాలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు నేను వారం రోజులు అదే బంతి దొర్లించాను. ఈ సామెతను నిజం కుందేలు ముందు నిలబడి రుజువు చేసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

తప్పెక్కడుందో నిదానంగా అర్థమైంది. ఆట అనగానే మన బుర్రలోకి వచ్చేది కుక్క ఆట, పిల్లి ఆట. విసిరితే తరమడం, ఊపితే దూకి పట్టుకోవడం. అవి రెండూ వేటాడే జంతువులు. వాటి ఆటంతా వేట తాలూకు సాధన. కుందేలు వేటాడబడేది. దాని వైపు ఏదైనా వేగంగా వస్తే, తలమీద ఏదైనా ఊగితే, దాని ఒంట్లో ప్రతి నరానికీ తెలిసిన అర్థం ఒక్కటే: గద్ద. ఈకల కర్రతో నేను చేసిందేమిటంటే, ఇంట్లోనే కూర్చుని గద్ద వేషం కట్టడం.

మరి కుందేలుకు ఆట లేదా? లేకేం. దాని ఆట దాని బతుకులోంచి వస్తుంది. తవ్వడం, కొరకడం, మేత వెతకడం, దాక్కోవడం, దారి చూసి పెట్టుకోవడం, అన్నిటికీ మించి పరుగెత్తడం. వేటగాడి ఆట పట్టుకోవడంలో ఉంటే దీని ఆట తప్పించుకోవడంలో ఉంది. ఈ ఒక్కమాట పట్టుకుని ఆలోచిస్తే, కుందేళ్ళ కోసమని అమ్మే సామానులో సగానికి పైగా మన కళ్ళను మెప్పించడానికి చేసినవేనని తెలిసిపోతుంది. ఎరుపు రంగే చూడండి. కుందేలు కంటికి నీలం, ఆకుపచ్చ తెలుస్తాయి, ఎరుపు సరిగా ఆనదు. ఆ ఎర్ర బంతి ఎవరికోసం?

పరుగు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అక్కడే నేను అన్నిటికన్నా పెద్ద పొరపాటు చేశాను. కుందేళ్ళు సంతోషం పట్టలేనప్పుడు గాల్లోకి ఎగిరి, ఎగిరినచోటే నడుము మెలితిప్పి, కాళ్ళు ఒకవైపుకీ తల ఇంకోవైపుకీ విసురుతాయి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బింకీ అంటారు. మన బింకానికీ దానికీ సంబంధం లేకపోయినా చూడ్డానికి అచ్చం బింకంలాగే ఉంటుంది. బొరుగు మా ఇంటికొచ్చి ఐదు నెలలైనా ఒక్కసారి కూడా అలా ఎగరలేదు. బద్ధకస్తురాలు అనుకున్నాం. హాలంతా ఖాళీగా ఉన్నా గోడ పక్కన చాప మీదే కూర్చునేది, ఇటునుంచి అటు పోవాలంటే నీళ్ళమీద నడిచినట్టు ఒక్కో అడుగూ ఆచితూచి వేసేది.

మార్చిలో అమ్మ హిందూపురం నుంచి వచ్చినప్పుడు పాత జంఖానా ఒకటి తెచ్చింది. పెళ్ళిళ్ళలో బంతి భోజనాలకు పరిచేవారట, అంత పొడుగు. ఎండ తగలడానికి హాలులో పరిచి వదిలేశాం. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో బొరుగు వచ్చి అంచు మీద ఒక కాలు పెట్టింది. వాసన చూసింది. రెండో కాలు పెట్టింది. తర్వాత ఏం జరిగిందో కళ్ళతో చూసినా పూర్తిగా అందలేదు. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క పరుగు, అక్కడ గోడకు గుద్దుకోకుండా మలుపు, మళ్ళీ వెనక్కి, మధ్యలో ఉన్నట్టుండి గాల్లోకి లేచి మెలిక. చెవులు రెండూ రెండు దిక్కులకు. నాలుగోసారి ఎగిరినప్పుడు మా అమ్మాయి చేతిలో పాలగ్లాసు అలాగే ఉండిపోయింది. "దానికి దయ్యం పట్టెనేమోరా" అంది అమ్మ.

దయ్యం కాదు, టైల్సు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదం కింద మెత్తటి దిండ్లు ఉండవు, ఉత్త బొచ్చు. బెంగళూరు ఫ్లాట్లన్నిటా అద్దంలా మెరిసే ఆ నున్నటి టైల్సు మీద అది జారుతుంది. జారే జంతువు ఆడదు. పారిపోవడమే ఆటగా గల ప్రాణికి, పారిపోతే కాలు జారే నేల ఇచ్చి, అది ఆడటం లేదని పద్నాలుగు వందలు పెట్టి బంతులు కొన్నాను. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుంచుకుంటే చాలనుకుంటే, ఆ ఒక్కటీ జంఖానా. అయితే నూలు పోగులు లాగి మింగుతోందేమో చూస్తూ ఉండాలి, పొట్టలో చేరితే ప్రమాదం. మాది ఇప్పటికి అంచులు కొరికి వదిలేస్తోంది, అమ్మకు చెప్పలేదు.

రెండో సంగతి తిండి. గిన్నెలో గుళికల మేత పోస్తే బొరుగు ఐదు నిమిషాల్లో ఖాళీ చేసి, ఆ స్టీలు గిన్నెను పళ్ళతో పట్టుకుని విసిరేది. ఠంగ్. పక్కింటివాళ్ళకు కూడా అలారం అదే. బయట బతికే కుందేలు రోజులో ఎన్నో గంటలు మేస్తూ గడుపుతుంది. గిన్నెతో నేను దాని రోజంతటి ఉద్యోగాన్ని ఐదు నిమిషాలకు కుదించి, మిగతా సమయమంతా సెలవిచ్చేశాను. సెలవులో వైర్లు కొరక్క ఏం చేస్తుంది?

1963లో గ్లెన్ జెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలకు ఒకపక్క గిన్నెలో ఊరికే తిండి పెట్టి, ఇంకోపక్క మీట నొక్కితే తిండి వచ్చే ఏర్పాటు చేశాడు. గిన్నె నిండా ఉండగానే చాలా ఎలుకలు వెళ్ళి మీట నొక్కి తిన్నాయి. తర్వాత ఇంకా ఎన్నో జంతువుల్లో, పక్షుల్లో అదే చూశారు. ఇది చదివినరోజు గిన్నె తీసి షెల్ఫులో పెట్టేశాను. ఇప్పుడు గుళికలు కాగితం పొట్లాల్లో ఉంటాయి, టిష్యూ రోలు అయిపోయాక మిగిలే అట్ట గొట్టంలో ఉంటాయి, గొట్టానికి రెండువైపులా ఎండుగడ్డి కూరి ఉంటుంది. కొన్ని జంఖానా మడతల్లో. ఐదు నిమిషాల పని నలభై నిమిషాలు పడుతుంది.

గడ్డి విషయంలో ఒక చిన్న రహస్యం. ఆన్‌లైన్‌లో దొరికే విదేశీ తిమోతి గడ్డి ధర చూస్తే కుందేలు కన్నా మనమే తక్కువ తింటున్నామేమో అనిపిస్తుంది. అది ఆపలేదు గానీ, దానికి తోడు మార్కెట్ దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర గరిక కొంటున్నాను. బెంగళూరులో వినాయకుడి గుళ్ళకు కొదవలేదు కాబట్టి గరికకూ కొదవలేదు. చిన్న చిన్న కట్టలు, తడిగుడ్డలో చుట్టి. ఆవిడది చింతామణి వైపు, తెలుగు మాట్లాడుతుంది. రెండు వారాలు చూసి ఆగలేక అడిగింది.

"ఏం సామీ, దినామూ పూజేనా?"

"కుందేలుకమ్మా."

ఆవిడ నన్నొకసారి, గరికనొకసారి చూసి, "ఎవరు తింటే ఏమి, దేవుడు తినేది మేం చూడ్లేదు కదా" అని ఇంకో కట్ట వేసింది. బాగా కడిగి, ఒక కట్టను దారంతో గాక గడ్డితోనే బిగించి ముడి వేసి ఇస్తాను. ముడి విప్పడం బొరుగుకు పావుగంట పని.

పళ్ళ గురించి ఒక అపోహ ఉంది, చెప్పేసి ముందుకు పోతాను. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళు వారానికి రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా. అందుకని కొయ్య ముక్కలు కొనిస్తే అరిగిపోతాయని అమ్ముతారు. పెరిగేది ముందు పళ్ళొక్కటే కాదు, దవడ పళ్ళు కూడా. వాటిని అరగదీసేది గంటల తరబడి గడ్డి నమలడమే, కొయ్య కాదు. కొయ్య దాని సరదా కోసం, ఆరోగ్యం లెక్క గడ్డిలో ఉంది. సరదాకైనా రంగు పూసిన క్యారెట్ ఎందుకు? హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టున్న ఊరు, చుట్టూ మల్బరీ తోటలు. మందు కొట్టని తోటదని అడిగి అమ్మ నాలుగు కొమ్మలు గోనెసంచిలో వేసుకుని రైల్లో తెస్తుంది. బొరుగు ముందు ఆకు తింటుంది, తర్వాత బెరడు ఒలుస్తుంది, చివరికి తెల్లటి పుల్ల మిగులుతుంది. జామ కొమ్మయినా ఇంతే.

ఇక అట్టపెట్టె. ఇంట్లో దీనికి మించిన ఆటవస్తువు లేదని ఎవరితోనైనా వాదిస్తాను. టేపు, పిన్నులు పీకేసి, రంగు నిగనిగలాడే అట్టలు పక్కన పెట్టేసి, బోర్లించాలి. తలుపులు రెండు ఉండాలి. ఇది తప్పనిసరి. ఒకే దారి ఉన్న పెట్టెలోకి బొరుగు ముందు కాళ్ళు పెట్టి, లోపల చూసి, వెనక్కి వచ్చేసేది. ఎందుకో నాకు తోచలేదు, మా అమ్మాయికి తోచింది: "లోపలుండగా ఎవరైనా వస్తే ఎట్లా పోవాల నానా?" రెండో కన్నం కోశాక అదే పెట్టెలో కాపురం పెట్టింది.

దాన్ని పనిలో ఉండగా దగ్గర్నుంచి చూడాలి. నేల మీద బోర్లా పడుకుని చూశాను. ముందు మీసాలు ఆనిస్తుంది, ఎందుకంటే వెనకనుంచి వచ్చేది కూడా కనిపెట్టే ఆ కళ్ళకు సరిగ్గా ముక్కు ముందున్నది కనపడదు. పై పెదవి చీలి రెండుగా తెరుచుకుంటుంది. అట్ట అంచు పళ్ళ మధ్యకు తీసుకుని కర్‌ర్‌మని లాగి, ముక్కను పక్కకు ఉమ్మేస్తుంది. మింగదు. నాలుగు ముక్కలు ఉమ్మాక ఆగి, తల కన్నంలోంచి బయటికి పెట్టి కొలత చూసుకుంటుంది, చాలలేదని మళ్ళీ మొదలు. మా ఊళ్ళో వడ్రంగి ద్వారబంధం చెక్కుతూ ఒక కన్ను మూసి చూసుకున్నట్టే ఉంటుంది. మీ కుందేలు అట్టను నమిలి మింగుతూ ఉంటే మాత్రం పెట్టె తీసేయండి. ఒక పూటంతా మేత ముట్టకపోతే, పెంటికలు ఆగిపోతే రేపు చూద్దామనుకోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కుందేలు పేగులు ఆగితే గంటల లెక్కే.

వేళ గురించి కొందరు అనవసరంగా బాధపడతారు, పగలంతా ఒంటరిగా వదిలేసి ఆఫీసుకు పోతున్నామని. కుందేలు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. మధ్యాహ్నం పడుకునే ఉంటుంది. ఏప్రిల్ ఎండల్లో దాన్ని లేపి ఆడించడమే తప్పు, కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి తగ్గేది ఎక్కువగా చెవుల ద్వారా. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఏడున్నరకు ఇల్లు చేరేవాడికి ఇంతకన్నా కలిసొచ్చే టైంటేబుల్ ఇంకే జంతువుకూ ఉండదు.

ఇక మనుషులు ఆడించే ఆటల సంగతి. రీల్సులో కుందేలును వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతూ, అది కదలకుండా కళ్ళు తెరుచుకుని ఉంటే "ఎంత సుఖంగా ఉందో" అని రాస్తారు. అది సుఖం కాదు. వేటగాడి నోట చిక్కిన జంతువు చచ్చినట్టు బిగుసుకుపోయే స్థితి అది. స్నానం చేయించే వీడియోలూ అంతే. ఎత్తుకోవడం కూడా చాలా కుందేళ్ళకు నచ్చదు, వాటిని నేల మీదినుంచి ఎత్తేది గద్దే కదా. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకు ఈ మాట చెప్పి ఒప్పించడం పిల్లల తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించడం కన్నా తేలిక. మా అమ్మాయి కనిపెట్టిన ఆట వేరు. ఒకదాని మీద ఒకటి పెట్టే ప్లాస్టిక్ కప్పులు గోపురంలా పేర్చి దూరంగా జరిగి కూర్చుంటుంది. బొరుగు వచ్చి ముక్కుతో నెట్టి పడేస్తుంది. మళ్ళీ పేర్చాలి. ఇష్టం లేకపోతే బొరుగు రాదు, అంతే. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో దాని చేతిలో ఉన్న ఆటల్నే అది ఆడుతుంది.

అమ్మ వాదన ఇంకా అమ్మదే. "నీకే ఆటసామాన్లు కొనీలేదు కదరా, దానికెందుకు? మన చేన్లలో కుందేళ్ళను ఎవరాడిచ్చిరి?" మన శెనక్కాయ చేలల్లో తిరిగేది చెవులపిల్లి. అది వేరే జాతి. బొరియ తవ్వదు, గడ్డిలో గుంట చేసుకుని పడుకుంటుంది, పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, కళ్ళు తెరిచి పుడతాయి. ఇళ్ళల్లో పెంచేవి ఐరోపా కుందేళ్ళ సంతతి. స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలల్లో బొరియల ఊళ్ళు కట్టుకుని గుంపులుగా బతికినవి. పిల్లలు కళ్ళు తెరవకుండా, బొచ్చు లేకుండా బొరియలోనే పుడతాయి. తవ్వే గుణం దీనిలో అక్కణ్ణుంచి వచ్చింది. చెవులపిల్లిని పట్టి తెచ్చి పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. కానీ అమ్మ మాటలో ఒక నిజం ఉంది, నేను కాదనలేను: దాన్ని ఎవరూ ఆడించలేదు, ఎందుకంటే దానికి చేను ఉంది.

మాకు అమ్మిన షాపువాడు ఒక అరచేయంత బోను కూడా అంటగట్టి, "ఇంతే సార్, ఇంకేం అక్కర్లేదు, పెరగదు కూడా" అన్నాడు. మగదని కూడా చెప్పాడు. ఒక్కటీ నిజం కాలేదు. పెంపుడు జంతువులమ్మే షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలని 2018లో నియమాలు వచ్చాయి. కదలడానికి చాలినంత పొడుగూ వెడల్పూ ఎత్తూ లేని బోనులో జంతువును ఉంచడం హింస కిందికే వస్తుందని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 అప్పుడే చెప్పింది. బాగా చూసుకుంటే ఎనిమిది పదేళ్ళు బతికే ప్రాణిని రెండేళ్ళ బొమ్మలా అమ్ముతుంటే, కొన్నవాళ్ళు బంతి దొర్లించక ఏం చేస్తారు? ఫిబ్రవరిలో రెండు రోజులు గడియ వేసింది మాత్రం షాపువాడు కాదు, నేనే.

ఇంత రాశాక దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. జంఖానా, గరిక, పెట్టె, కప్పులు అన్నీ ఉన్నా, కొన్ని రాత్రులు బొరుగు వచ్చి నా కాలి పక్కన కూర్చుని తల నేలకు ఆనించి ముందుకు చాస్తుంది. నిమరమని. గుంపులో ఉంటే ఇంకో కుందేలు ఆ పని చేసేది. నేను పావుగంట నిమిరి ఫోన్ చూసుకుంటాను. ఆటల గురించి నేను చేసే వాదనంతా ఇక్కడికొచ్చేసరికి కుంటుతుంది, ఎందుకంటే కుందేలుకు అన్నిటికన్నా మంచి ఆటవస్తువు ఇంకో కుందేలు. తెచ్చి పక్కన వదిలేస్తే సరిపోదు, ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. లేకపోతే మగదాన్ని తెస్తే నెల తిరిగేసరికి ఇల్లంతా పిల్లలే, ఆడదాన్ని తెస్తే కొట్లాటలు. పైగా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళకు వయసు మీదపడే కొద్దీ గర్భసంచి క్యాన్సర్ బెడద ఎక్కువ. తర్వాత రెండిటినీ వేర్వేరుగా ఉంచి మెల్లగా అలవాటు చేయాలి, వారాలు పట్టొచ్చు. కుక్కల డాక్టర్లు వీధికొకరున్న ఈ ఊళ్ళో కుందేలుకు మత్తు ఇచ్చి కోయడం తెలిసినవారిని వెతకడానికే మాకు రెండు నెలలు పట్టింది.

జూలైలో తేదీ ఇచ్చారు. టెన్షన్‌గానే ఉంది, ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. ఈ వారం పెట్టె బేనిషా మామిడిపళ్ళది, లోపల ఇంకా వాసన పోలేదు. నేను కోసిన తలుపులు రెండు. మూడోది నిన్న రాత్రి, గోడ వైపుకు, బొరుగు పెట్టుకుంది.